నాలుగు శ్రుతి మీద అగ్గిపుల్ల

భీమరాజు సంగతి తేల్చుకోవాలని కూర్చున్న రోజున సత్యప్రసాద్ చేతిలో ఉన్న సరుకు తక్కువే. రామచంద్రపురం మెయిన్ రోడ్డులో మైకుసెట్ల దుకాణం, అద్దెకు తిరిగే స్పీకర్లు, ఒక మిక్సరు, ఒక పాత ల్యాప్‌టాపు. ఆ ల్యాప్‌టాపులో అతని మేనమామ వీరాస్వామి సన్నాయి మీద ఊదిన స్వరాలు, ఏ స్వరానికాస్వరం విడివిడిగా. ఆ సన్నాయిని అటకెక్కించి మాట్లాడడం తగ్గించేసిన మేనమామ. ఇవి కాక, సరుకు కింద ఎవరూ లెక్కవేయనిది ఇంకొకటి ఉంది. భీమరాజు చేతికున్న ఒక అలవాటు సత్యప్రసాద్‌కి తెలుసు.

భీమరాజు పద్యనాటకాలకు హార్మోనియం వాయించి పేరు తెచ్చుకున్నవాడు. తరువాత కీబోర్డుకు మారాడు. గోదావరికి ఇటూ అటూ ఏ ఊళ్ళో పౌరాణిక నాటకం పడినా, నటుడు రాగం తీస్తుంటే పక్కన ఆయన వేళ్ళు ఉండవలసిందే. ఒక వేసవిలో ఆయన వీరాస్వామిని వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. సన్నాయి వాయించేవాళ్ళు తగ్గిపోతున్నారు, మీ వాద్యం పదికాలాలు నిలవాలి, ఒకసారి రికార్డు చేసి దాచుకుందాం అని చెప్పాడు. వీరాస్వామి ఆ మాటకు పొంగిపోయి ఉతికిన పట్టు కండువా వేసుకుని మరీ వచ్చాడు. దుకాణం వెనకగదిలో గోడలకు దుప్పట్లు కట్టి సత్యప్రసాదే మైకు పెట్టాడు.

తీరా కూర్చున్నాక భీమరాజు కీర్తన అడగలేదు. ఒక్కొక్క స్వరాన్ని విడిగా, వణుకు లేకుండా, తిన్నగా ఊదమన్నాడు. వీరాస్వామికి అది వింతగా తోచింది. స్వరం నుంచి స్వరానికి జారుతూ పోతేనే సన్నాయి, ఒంటిస్వరం ఊదితే లారీ హారన్‌లా ఉంటుందండీ అన్నాడు. మిగతాది తాను చూసుకుంటానన్నాడు భీమరాజు. పెద్దమనిషి అడిగాడు కదా అని వీరాస్వామి తిన్నగానే ఊదాడు. మధ్యలో విసుగు పుట్టి, తన సంతోషం కోసం కాసేపు రాగం ఊదుకున్నాడు. అది అక్కర్లేదు, తీసేయమన్నాడు భీమరాజు. విరిగిన వైరు ముక్కను కూడా పారేయని సత్యప్రసాద్ ఆ రాగాన్ని తీసేయలేదు.

దాచుకోవడం అంటే ఏమిటో పెళ్ళి ముహూర్తాలు మొదలయ్యాక తెలిసింది. శాంప్లర్ అనే సాఫ్ట్‌వేరు ఉంటుంది. అందులో ఒక్కో స్వరాన్నీ కీబోర్డు మీద ఒక్కో మెట్టుకు తగిలిస్తే, మెట్టు నొక్కినప్పుడల్లా ఆ స్వరం పలుకుతుంది. భీమరాజు వీరాస్వామి ఊపిరిని అలా మెట్లకు తగిలించుకుని పెళ్ళిళ్ళలో మంగళవాద్యం కూడా తానే ఒప్పుకోసాగాడు.

ఆ సంగతి తెలియక వీరాస్వామి ఒక పెళ్ళికి తాంబూలం పుచ్చుకున్నాడు. డోలు వాయించే తోడుమనిషితో కల్యాణమండపానికి వెళ్ళేసరికి, సన్నాయి కూర్చోవలసిన చోట భీమరాజు కీబోర్డు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పెళ్ళివారు ఇద్దరికీ చెప్పి, చవకగా వచ్చినదాన్ని ఉంచుకున్నారు. వీరాస్వామి ఏం చేయాలో తోచక సన్నాయి సంచీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అప్పుడు భీమరాజు మైకు నోటి దగ్గరకు లాక్కుని అందరికీ వినపడేలా అన్నాడు:

"వీరాస్వామి గారు ఈ పెట్టెలోనే ఉన్నారండీ. మళ్ళీ బయట ఇంకొకాయన ఎందుకు?"

మండపం అంతా నవ్వింది. మిక్సరు దగ్గర కూర్చున్న సత్యప్రసాద్ కూడా ఆ మాట విన్నాడు. విన్నాడేమిటి, ఆ మాటను నాలుగు మూలలకూ మోసింది అతని స్పీకర్లే. మేనమామ మెట్లు దిగి వెళ్ళిపోతుంటే అతను కుర్చీలోంచి లేవలేదు. లేచి అరిస్తే ఆ పూట గొడవ అవుతుంది, మర్నాటికి అందరూ మరిచిపోతారు. భీమరాజు ఎక్కడ పేరు సంపాదించాడో అక్కడే, నలుగురూ నవ్వుతుండగా పోగొట్టుకోవాలి. దానికి మేనమామ ఎదురుగా కుర్చీలో ఉండాలి. అంతకు తక్కువకు బేరం లేదని ఆ కుర్చీలోనే నిర్ణయించుకున్నాడు.

వీరాస్వామి ఆ తరువాత సన్నాయి ముట్టుకోలేదు. ఎవరైనా పిలవడానికి వస్తే, నేను పెట్టెలో ఉన్నానంటండి, అక్కడే అడగండి అని పంపేసేవాడు. కొబ్బరికాయల గోడౌన్లో తూకం దగ్గర కూర్చోవడానికి కుదిరాడు.

ఇక ఆ అలవాటు సంగతి. హార్మోనియం వాయించేవాళ్ళలో పాతకాలం వాళ్ళు శ్రుతి కోసం ఒక మెట్టును నొక్కే ఉంచుతారు. ఆ స్వరం అడుగున మోగుతూ ఉంటే పైన పాట నడుస్తుంది. పద్యం పాడేవాళ్ళది హెచ్చు శ్రుతి, ఎక్కువగా నాలుగు. భీమరాజు వేదిక మీద కూర్చోగానే పెట్టెకు దణ్ణం పెట్టి, నాలుగు శ్రుతి మెట్టు సందులో ఒక అగ్గిపుల్ల దోపేవాడు. అది ఆయన గురువు నేర్పిన పద్ధతి. ఇంట్లో సాధనకు శ్రుతిపెట్టె ఉండేది, వేదిక మీద మాత్రం అగ్గిపుల్లే. కీబోర్డుకు మారినా అది మానలేదు. సత్యప్రసాద్ దగ్గర అద్దెకు తీసుకెళ్ళిన ప్రతి కీబోర్డూ ఆ ఒక్క మెట్టు పక్కన గీతలు పడి తిరిగివచ్చేది. గీతలు చూసి కోప్పడటం తప్ప, అవి ఎప్పటికైనా పనికొస్తాయని అతను అనుకోలేదు.

పనికొస్తాయని తెలిసింది యెహెజ్కేలు వల్ల. యెహెజ్కేలు ఆదివారాలు లూథరన్ చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, మిగతా రోజులు సత్యప్రసాద్ దుకాణంలో రిపేర్లు చేస్తాడు. భీమరాజు సన్నాయి మెట్లు దిగుతున్నట్టు టకటకమంటోందని నాటకాల వాళ్ళు గొణగడం మొదలుపెట్టారని అతనే చెప్పాడు. స్వరానికీ స్వరానికీ మధ్య జారు లేదు, అదే లోపం అన్నాడు. శాంప్లర్‌లో గ్లైడ్ అని ఒకటుంటుంది, దాన్ని పెడితే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది అన్నాడు. అయితే పెట్టు అన్నాడు సత్యప్రసాద్.

పెట్టడం అనుకున్నంత తేలిక కాలేదు. తక్కువ పెడితే జారు వినపడలేదు, ఎక్కువ పెడితే స్వరం తాగినవాడిలా తూలింది. అప్పుడు ఆ పారేయని రాగం పనికొచ్చింది. వీరాస్వామి పైకి వెళ్ళేటప్పుడు త్వరగా ఎగబాకుతాడు, దిగేటప్పుడు తీరిగ్గా జారతాడు. యెహెజ్కేలు దాన్ని మళ్ళీ మళ్ళీ విని, ఎక్కేదానికి ఒక వేగం, దిగేదానికి ఒక వేగం కుదిర్చాడు. తరువాత ఒక మెట్టు నొక్కి, అది వదలకుండానే పక్క మెట్టు నొక్కాడు. వెనకగదిలో మేనమామ వచ్చి కూర్చున్నట్టయింది.

ఇంతలో స్పీకర్లో ఏదో ఊళ పెట్టింది. ప్రతి స్వరమూ కింది నుంచి ఎక్కి, మళ్ళీ మూలుగుతూ కిందికి దిగిపోయింది. బయట రోడ్డు మీద కుక్క ఒకటి బదులు పలికింది.

"ఏంటది?" అన్నాడు సత్యప్రసాద్.

"ఏం లేదండి, నా బొటనవేలు కింద మెట్టు మీద ఉండిపోయింది. సన్నాయికి నోరు ఒక్కటే కదండీ, అందుకని దీన్ని ఒకసారి ఒక్క స్వరమే పలికేలా పెట్టాను. పై మెట్టు వదలగానే, కింద నొక్కి ఉన్నదాని దగ్గరికి జారిపోతుంది. మళ్ళీ నొక్కితే అక్కణ్ణించే ఎక్కుతుంది."

"కింది మెట్టు అసలు వదలకపోతే?"

"ఇలా ఏడుస్తానే ఉంటదండి."

సత్యప్రసాద్ లేచి వెళ్ళి అద్దె కీబోర్డు ఒకటి తెచ్చి, గీతలు పడిన మెట్టు మీద వేలు పెట్టాడు. యెహెజ్కేలు ఆ గీతలను చూశాడు, సత్యప్రసాద్ మొహాన్ని చూశాడు. శ్రుతికి వేరే గొంతు పెట్టేస్తే ఈ బెడద ఉండదని, చిటికెలో అయిపోతుందని చెప్పాడు. వద్దు, ఇలాగే ఉండనీ అన్నాడు సత్యప్రసాద్.

"ఇది భీమరాజు గారికాండీ?" అన్నాడు యెహెజ్కేలు నెమ్మదిగా. "నేను అబద్ధం చెప్పనండి."

"నిన్ను చెప్పమన్నదెవరు? ఆయన అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. అడక్కపోతే మనకెందుకు?"

తరువాతి పని సరుకును చూపించడం. క్రిస్మస్ ముందు చర్చి వాళ్ళ బహిరంగ సభలో యెహెజ్కేలు ఆ సన్నాయితో ఒక కీర్తన వాయించాడు. మర్నాటికల్లా ఆ మాట భీమరాజు చెవిన పడింది. పెనుగొండ వైపు నుంచి వచ్చే పెదబాబు అనే పేరున్న నటుడు రామచంద్రపురం నాటకపోటీల్లో రాజు వేషం కడుతున్నాడు. పెళ్ళిరంగంలో తన పద్యానికి సన్నాయి జారుతూ వెంట నడవాలని ఆయన పట్టుపట్టాడు. భీమరాజు దుకాణానికి రాక తప్పలేదు.

ఊరికే ఇస్తే అనుమానం వస్తుందని సత్యప్రసాద్ గట్టిగా బేరమాడాడు. భీమరాజు కూడా గట్టిగానే ఆడాడు. చివర్లో సత్యప్రసాద్ ఒక కోరిక కోరాడు. పోటీల రోజు మా మావయ్యకు ముందువరసలో కుర్చీ వేయించాలి, మీరే స్వయంగా పిలవాలి అన్నాడు. దానిదేముంది, ఆయన సొత్తే కదా, ఆయన వినాలిగా అని భీమరాజు నవ్వాడు. ఆ తరువాత భీమరాజు ఎప్పుడు కబురు పెట్టినా పని ఇంకా పూర్తికాలేదండీ అనే జవాబే వెళ్ళింది. నాటకం పడే రోజు మధ్యాహ్నం గాని సరుకు సిద్ధం కాలేదు.

భీమరాజు వచ్చి స్టూలు మీద కూర్చోగానే సత్యప్రసాద్ టీ తెప్పించి గ్లాసు ఆయన ఎడమచేతికి అందించాడు. ఆయన కుడిచేత్తో మాత్రమే వాయించి చూశాడు, శ్రుతి మెట్టు నొక్కడానికి ఎడమచెయ్యి ఖాళీ లేదు. స్వరాలు వెన్నలా జారాయి. యెహెజ్కేలు ఉండబట్టలేకపోయాడు.

"భీమరాజు గారూ, ఒక్క మాటండి. ఇది పాత పెట్టెలాంటిది కాదండి, మీరు మెట్లు పట్టుకునే పద్ధతి..."

"చూడు బాబూ," అన్నాడు భీమరాజు టీ చప్పరిస్తూ, "మీ ప్రార్థనల్లో అయితే పాట మీ ఇష్టం. పద్యం దగ్గర నా చేతికి పద్ధతులు చెప్పేవాడు ఇంకా పుట్టలేదు."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు యెహెజ్కేలు. సత్యప్రసాద్ ఆ సన్నాయి గొంతు ఎక్కించిన పెన్‌డ్రైవ్‌ను పసుపు రాసిన కవర్లో పెట్టి ఇచ్చాడు.

సాయంత్రం హాలు నిండింది. సౌండు సత్యప్రసాద్‌దే. హాలు మధ్యలో మిక్సరు దగ్గర కూర్చున్నాడు. ముందువరసలో వీరాస్వామి కూర్చున్నాడు, కండువా లేకుండా, గోడౌను చొక్కాతోనే. భీమరాజు ఇంటికి వెళ్ళి పిలిచినందుకు వచ్చాడు గాని, మొహంలో ఏమీ లేదు. భీమరాజు వేదిక పక్కన కూర్చుని పెట్టెకు దణ్ణం పెట్టి, జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. పుల్ల మెట్టు సందులోకి వెళ్ళడం సత్యప్రసాద్ తన కుర్చీలోంచి చూశాడు.

మొదటి రంగాలన్నీ హార్మోనియం గొంతుతో సాగాయి. శ్రుతి నిండుగా అడుగున మోగింది, ఏ లోపమూ లేదు. పెళ్ళిరంగం వచ్చింది. భీమరాజు కీబోర్డును సన్నాయి గొంతుకు మార్చాడు. అగ్గిపుల్ల ఎక్కడిదక్కడే ఉంది.

పెదబాబు కిరీటం సర్దుకుని రాగం ఎత్తుకున్నాడు. భీమరాజు వేళ్ళు కదిలాయి. సన్నాయి అడుగు నుంచి మూలుగుతూ ఎగబాకింది, వేలు తీయగానే ఏడుస్తూ జారిపోయింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ జారింది. ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. భీమరాజు మెట్లు ఇంకా గట్టిగా నొక్కాడు. నొక్కినకొద్దీ ఊళ పెద్దదైంది. చివరికి బెదిరిపోయి రెండు చేతులూ పైకెత్తేశాడు. చేతులు గాలిలో ఉన్నాయి, పెట్టె మాత్రం నాలుగు శ్రుతి మీద ఆపకుండా ఊదుతూనే ఉంది.

"వన్స్ మోర్!" అని వెనకనుంచి ఒక గొంతు లేచింది.

మంచి పద్యం పాడితే మళ్ళీ పాడమని అడిగే మాట అది. ఆ పూట హాలంతా ఆ మాటనే పట్టుకుంది. ఈలలు పడ్డాయి. భీమరాజు చెమటలు కక్కుతూ మళ్ళీ మెట్ల మీద పడ్డాడు, మళ్ళీ ఊళ, మళ్ళీ వన్స్ మోర్. సత్యప్రసాద్ వేలు మిక్సరులో కీబోర్డు శబ్దాన్ని పెంచే, తగ్గించే మీట మీద ఉంది. దాన్ని దించితే అక్కడితో ఆగిపోతుంది. అతను పైకి తోశాడు.

మీట మీద ఒక పెద్ద చెయ్యి పడింది. వీరాస్వామి ఎప్పుడు లేచి వచ్చాడో అతను చూడలేదు.

"తగ్గించరా."

"కూర్చో మావయ్యా. కాసేపు విను."

వీరాస్వామికి ఏ మీట దేనిదో తెలియదు. అరచేయి అడ్డంగా పెట్టి అన్నిటినీ ఒక్కసారి కిందికి లాగేశాడు. హాలు మూగబోయింది. వేదిక మీద పెదబాబు శ్రుతి పోయి, నోరు తెరిచి నిలబడిపోయాడు. వీరాస్వామి అక్కడే, జనం మధ్యలో నిలబడి, మైకు లేకుండా గొంతెత్తి నాలుగు శ్రుతిలో 'ఆ' అందుకున్నాడు. ఏళ్ళ తరబడి సన్నాయి ఊదిన రొమ్ము అది. వెనకవరస దాకా వెళ్ళింది. పెదబాబు ఆ గొంతును ఆసరా చేసుకుని పద్యం ఎత్తుకుని చివరిదాకా పాడేశాడు. అయిపోగానే మళ్ళీ వన్స్ మోర్ అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాటకం అయ్యాక భీమరాజు కీబోర్డు ముందు అలాగే కూర్చుని ఉన్నాడు. ఏం జరిగిందయ్యా అని సత్యప్రసాద్‌ని అడిగాడు. సత్యప్రసాద్ వంగి, మెట్టు సందులోంచి అగ్గిపుల్ల లాగి ఆయన అరచేతిలో పెట్టాడు. సంగతంతా రెండు ముక్కల్లో చెప్పాడు.

"ముందే చెప్పి ఉండొచ్చుగా."

"చెప్పబోతే మీరు వినలేదు కదండీ," అన్నాడు సత్యప్రసాద్. "వీరాస్వామి గారు ఆ పెట్టెలో ఇమడలేకపోయారండీ. అంతే."

ఆ మాట కోసం అతను చాలాకాలం ఓపిక పట్టాడు. భీమరాజు పుల్లను జేబులో వేసుకోబోయి, మళ్ళీ కింద పడేశాడు.

మర్నాడు పొద్దున్నే వీరాస్వామి దుకాణానికి వచ్చాడు. సంతోషిస్తాడనుకుని సత్యప్రసాద్ కుర్చీ తుడిచి వేశాడు. ఆయన కూర్చోలేదు.

"నిన్న వాళ్ళు నవ్వింది ఎవర్నిరా?"

"భీమరాజు గార్ని."

"ఆయన వేళ్ళు ఎవరికి వినపడ్డాయి? వినపడింది నా గాలి. ఊళ పెట్టింది నేను."

"నీ కోసమే కదా మావయ్యా చేశాను."

"నా కోసమైతే నన్ను అడిగేవాడివి. ఆయన నన్ను మభ్యపెట్టి తీసుకెళ్ళి అమ్ముకున్నాడు. నువ్వు అడక్కుండా తీసుకెళ్ళి ఏడిపించావు. తీసేయ్, నా ముందే."

సత్యప్రసాద్ వ్యాపారి. సరుకు అంత తేలిగ్గా వదలడు. ఇంకా మెరుగుచేసి మంచి పేరు తేవచ్చని, ఈసారి అడిగే చేస్తానని చెప్పి చూశాడు. వీరాస్వామి గుమ్మంలో అలాగే నిలబడ్డాడు. చివరికి యెహెజ్కేలు ఒక్కొక్క స్వరాన్నీ తీసేశాడు. ఆ పారేయని రాగం దగ్గర చెయ్యి ఆగింది. అదీ తీసేయమన్నాడు వీరాస్వామి. తీసేశాడు.

భీమరాజుకు మాత్రం ఆ సాయంత్రం చాలాకాలం నిలిచింది. ఎవరో సెల్‌ఫోన్లో తీసింది ఊరూరా తిరిగింది. వన్స్ మోర్ రాజు గారని పేరు పడింది. ఎటకారానికి పిలిచే పేరు ఒకసారి పడితే గోదావరి జిల్లాల్లో చెరగదు. నాటకాల వాళ్ళు వేరేవాళ్ళను చూసుకున్నారు. పెళ్ళిళ్ళలో కూడా ఆయన కూర్చోగానే పిల్లలు ఊళ పెట్టేవారు. కొన్నాళ్ళకు మనిషి చేత తన సొంత కీబోర్డును దుకాణానికి పంపి, వచ్చినకాడికి ఇప్పించమన్నాడు. సత్యప్రసాద్ బేరమాడకుండా కొని, అందులో మిగిలిన సన్నాయి స్వరాలను కూడా తీయించేశాడు. అతని జీవితంలో బేరమాడకుండా కొన్నది అదొక్కటే.

వీరాస్వామి అటక మీదనుంచి సన్నాయి దించాడు. పెదబాబు తన నాటకాలకు రమ్మన్నాడు. పెళ్ళివారూ మళ్ళీ తాంబూలాలు ఇవ్వసాగారు. ఒక్కటే షరతు, తన సన్నాయికి మైకు పెట్టకూడదు. సత్యప్రసాద్ సెట్టు వెళ్ళిన పెళ్ళిళ్ళలో కూడా అంతే. పంతులు గారికి మైకు, పెళ్ళివారికి మైకు, మేనమామ కూర్చున్న వైపు మాత్రం వైరు పోదు. పలకరిస్తే పలుకుతాడు, ఇంటికి పిలిస్తే వచ్చి భోంచేస్తాడు. సన్నాయి సంచీ మాత్రం దారిలో ఇంకెవరింట్లోనో పెట్టి వస్తాడు.

అన్నీ కలిపి చూసుకుంటే సత్యప్రసాద్‌కి మిగిలింది ఇదీ. భీమరాజును వేదిక దింపాలని కోరుకున్నాడు, దింపాడు. అందుకు ఇప్పటికీ అతనికి విచారం లేదు. మేనమామ మళ్ళీ ఊదుతున్నాడు, అది బేరంలో లేకుండా వచ్చిన లాభం. పోయినవి ల్యాప్‌టాపులోని ఆ స్వరాలు, విరిగిన వైరులా దాచుకున్న ఆ రాగం. ఇప్పుడు మేనమామ వాయిద్యం వినాలంటే అతను కూడా అందరిలాగే మండపం దాకా వెళ్ళి, దగ్గరగా నిలబడాలి.

ఇంకా ఒక కీబోర్డు మిగిలింది. అద్దాల బీరువాలో పై అరలో ఉంటుంది. నాలుగు శ్రుతి మెట్టు పక్కన గీతలు తప్ప కొత్తదానిలాగే ఉంటుంది. జంగారెడ్డిగూడెం నుంచి వచ్చిన బ్యాండు వాళ్ళు మొన్ననే మంచి ధర చెప్పారు. దానికి బేరం లేదండీ, పక్కది చూడండి అన్నాడు సత్యప్రసాద్.